స్వయంగా చూశాను

పోయిన వారం మునిరత్నాన్ని బంగారుపాళ్యం అవతల, హైవే పక్కన మూతబడిన మామిడి గుజ్జు ఫ్యాక్టరీ షెడ్డు ముందు నిలబెట్టి వదిలాం. రిటైరై తిరుపతిలో కాలం గడుపుతున్న ఆయన్ను పొద్దున్నే బస్సెక్కించి అక్కడిదాకా రప్పించింది రేవతి రాసిన ఉత్తరం. "మా ఆయన గోడకు బొమ్మలు గీసి వాటితో మాట్లాడతా ఉండాడు. మీరు లైసెన్సు ఇచ్చిన మనిషి. ఒకసారి వచ్చి చూసి పోండి." అంతకు మించి అందులో ఏమీ లేదు. ఆమె భర్త ఢిల్లీబాబు నాలుగేళ్ల కిందట మద్రాసు దగ్గరి వెణ్మణల్ అణువిద్యుత్ కేంద్రంలో కంట్రోల్ రూము ఇంజనీరు. అతను డ్యూటీలో ఉన్న ఒక మధ్యాహ్నం ఆవిరి ఎగదన్ని ఏకాంబరం అనే ఫీల్డు ఆపరేటరు చనిపోయాడు. ఢిల్లీబాబుకు లైసెన్సు ఇచ్చిన ఇంటర్వ్యూ కమిటీకి పెద్ద మునిరత్నమే. ఆ ఇంటర్వ్యూలో తను చేసిన పనొకటి ఆయన ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. అది చెప్పుకోవడానికే వచ్చాడు.

షెడ్డు లోపల చల్లగా ఉంది. పైకప్పు రేకులు రెండు మూడు చోట్ల లేచిపోయి, ఎండ పలకలు పలకలుగా నేలమీద పడుతోంది. బయట హైవే పొడవునా బెంగుళూరా మామిడికాయల ట్రాక్టర్లు వరస కట్టి నిలబడి ఉన్నాయి. జూన్ నెల కదా, చుట్టుపక్కల ఫ్యాక్టరీలన్నీ ఊపిరాడకుండా నడుస్తున్నాయి. ఈ ఒక్కటి మూతబడి మూడేళ్లయింది. అయినా మగ్గిన కాయల పులుపు వాసన గోడల్ని వదల్లేదు.

మునిరత్నం రెండడుగులు వేసి ఆగిపోయాడు.

ఎదురుగోడ నిండా వెణ్మణల్ కంట్రోల్ రూము ఉంది. ఈ చివర నుంచి ఆ చివర దాకా, నలభై అడుగుల పొడవున, బొగ్గుతో గీతలు, సుద్దతో అంకెలు. ఒక్కో మీటరుకు ఒక్కో గుండ్రం, ఒక్కో స్విచ్చికి ఒక్కో పిడి. ఎర్ర దీపాలకు ఇటుక ముక్క రుద్దాడు, పచ్చ దీపాలకు ఆకుపసరు పూశాడు. పసరు ఎండి నల్లబడిన చోటల్లా మళ్లీ పూసిన గుర్తులున్నాయి. పదిహేనేళ్లు ఆ ప్యానెళ్ల ముందు బతికిన మనిషి మునిరత్నం. ఆయన కళ్లు వాటంతటవే ఎడమ చివర మొదలుపెట్టి తప్పు కోసం వెతికాయి. ఒక్కటీ దొరకలేదు.

గోడ ముందు నిలబడిన మనిషి వెనక్కి తిరిగాడు. పిచ్చివాణ్ణి చూడబోతున్నానని దారి పొడవునా మనసు గట్టి చేసుకుని వచ్చాడు మునిరత్నం. నున్నగా గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, బూట్లకు పాలిష్ పెట్టుకుని డ్యూటీకి వచ్చినట్టున్న ఢిల్లీబాబును చూసేసరికి ఆయనకు ఇంకా భయమేసింది. ముప్పై ఏడేళ్లవాడి తల పూర్తిగా నెరిసిపోయింది.

"రాండి సార్. బస్సులో శానా ఇబ్బంది పడినారా?"

"లేదప్పా. బాగుండావా?"

"ఉండాను సార్."

పక్క ఫ్యాక్టరీలో కాయలు ఏరే పనికి పోయే రేవతి, ఒక గంట అడిగి వచ్చినట్టుంది. నడుముకు కట్టిన రబ్బరు గుడ్డ విప్పకుండానే ప్లాస్టిక్ క్రేటు ఒకటి బోర్లించి చేత్తో తుడిచింది. వేళ్లు మామిడి సొన తగిలి నల్లగా పొక్కి ఉన్నాయి. "కూసోండి సార్" అంది.

మునిరత్నం కూర్చోలేదు. "నీతో ఒక మాట చెప్పాలని వచ్చినాను ఢిల్లీ. నాలుగేండ్లుగా అది నా గొంతులో..."

"ఇప్పుడు వద్దు సార్" అన్నాడు ఢిల్లీబాబు మెల్లగా. "ముందు నాకు పరీక్ష పెట్టండి."

"ఏం పరీక్ష?"

"లైసెన్సు పరీక్ష. రాత పేపర్లు అడగను, వాటికి టైం పడతాది. ప్యానెల్ ముందర నిలబెట్టి నోటి పరీక్ష పెట్టండి, చాలు. మీరు తప్ప ఇంకెవురు పెట్టగలరు?"

మునిరత్నం రేవతి వైపు చూశాడు. "పెట్టండి సార్" అంది ఆమె. "నేను చూసేదానికి నాకేం తెలుస్తాది? మతి బాగుండాదో లేదో మీరే తేల్చండి."

వెణ్మణల్‌లో ఒక మనిషి ఆ ప్యానెల్ ముందు కూర్చోవాలంటే ఏళ్లు పట్టేది. ముందు రాత పరీక్షలు, ఒక్కోదాంట్లో నూటికి డెబ్బై రావాలి. తర్వాత ఫీల్డు చెక్‌లిస్టులు. కేంద్రంలో ఉన్న పైపు పైపు దగ్గరికీ కాళ్లతో నడిచి, పని పనీ చేతులతో చేసి, 'స్వయంగా చేశాను' అని నేర్చుకునేవాడు, 'స్వయంగా చూశాను' అని పక్కన నిలబడిన పాత మనిషి సంతకాలు పెట్టాలి. ఆపైన ప్యానెల్ ముందు నోటి పరీక్ష, డాక్టరు పరీక్ష, చివరికి కమిటీ ఇంటర్వ్యూ. అన్నీ గట్టెక్కినా లైసెన్సు మూడేళ్లకే. మూడేళ్లకోసారి మళ్లీ నిరూపించుకోవాలి. ఆరు నెలలు ఆ కుర్చీకి దూరమైతే జేబులో ఉన్నది చిత్తుకాగితం. నాలుగేళ్లు దూరమైన మనిషికి షెడ్డులో పెట్టే పరీక్ష ఏమీ తిరిగి ఇవ్వదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

అయినా మునిరత్నం క్రేటు మీద కూర్చుని గొంతు సవరించుకున్నాడు.

"బయటి కరెంటు మొత్తం పోయింది. మొదట ఏం చూస్తావు?"

"రియాక్టరు ఆగిందా లేదా చూస్తా సార్." ఢిల్లీబాబు చెయ్యి గోడమీద సరిగ్గా పడాల్సిన చోట పడింది. "ఆగిందని దీపం చెప్తే నమ్మను. ఆర్పే కడ్డీలు దిగినాయో లేదో ఈడ చూస్తా. పవరు ముల్లు పడతా ఉండాదో లేదో ఆడ చూస్తా. ఆ తర్వాతే వేడి తీసే నీళ్లు, డీజిల్ జనరేటర్లు."

"జనరేటరు ఒకటి ఎత్తుకోలేదు."

"రెండోదాని మీద ఏమేం నడపాల్నో చూసి, మిగతావి దించేస్తా."

ఒక ప్రశ్న తర్వాత ఒకటి. మునిరత్నం మొదట మెత్తగా అడిగాడు, తర్వాత కఠినంగా, ఆపైన తన పాత అలవాటు ప్రకారం మెలికపెట్టి అడిగాడు. ఢిల్లీబాబు ఎక్కడా తడుముకోలేదు. గోడ పక్కన నడుస్తూ, ఒక్కో మీటరు ముందు ఆగుతూ, సుద్ద అంటిన చూపుడు వేలితో ముట్టుకుంటూ చెప్పాడు. అడుగుతూ అడుగుతూ ఉండగా మునిరత్నానికి ఆ గది మోత వినబడింది. పగలూ రాత్రీ ఆగని సన్నటి హోరు. పక్క ఫ్యాక్టరీ మిషన్లనుకున్నాడు. అంతలో భోజనాల బెల్లు కొట్టి మిషన్లు ఆగాయి. హోరు ఆగలేదు.

"ఇప్పుడు ఆ ప్రశ్న అడగండి సార్" అన్నాడు ఢిల్లీబాబు.

"ఏ ప్రశ్న?"

"మీకు తెలుసు."

మునిరత్నం లేచి నిలబడ్డాడు. కూర్చుని చెప్పే మాట కాదది.

"పైపులో ఒత్తిడి లేదని ముల్లు చెప్తా ఉంది, మనిషిని పంపుతావా అని అడిగినాను. పంపుతా సార్ అన్నావు. తప్పు జవాబు. ఆ ఒక్క తప్పుకే నిన్ను ఆర్నెల్లు వెనక్కి పంపాల. నేను పంపలేదు. 'ఇంకొకటి చూడవా అబ్బా?' అని నోటికి అందించినాను. నువ్వు అందుకున్నావు. అందించినట్టు కాగితంలో రాయాల, రాయలేదు. మన జిల్లావాడివి, రెండోసారి వచ్చి కూర్చున్నావు, ఈసారీ పోతే ఇంక ఆ మెట్టు ఎక్కలేవు అనుకున్నాను. నా దయే ఏకాంబరాన్ని చంపేసింది ఢిల్లీ. ఇంట్లో ఫోను మోగితే ఎత్తాలంటే భయం నాకు. 'అర్థమయింది సార్' అని ఆయప్ప గొంతే వినపడతాదేమో అని."

తిడతాడనుకున్నాడు. తిడితే బాగుండునని కూడా అనుకున్నాడు. ఢిల్లీబాబు జాలిగా చూశాడు.

"దానికోసమా సార్ ఇంతదూరం వచ్చింది? మీరు అందించినదాన్ని నేను మర్చిపోలేదు. సూడండి."

అతను గోడ మధ్యకు నడిచాడు. మణికట్టు తిప్పి గడియారం చూసుకున్నాడు. అప్పుడు రెండుంబావు అవుతోంది, ఏకాంబరం పోయిన వేళ. రేవతి మొహం అవతలికి తిప్పుకుంది. ఆ మొహం తిప్పుకోవడంలోనే, ఇది రోజూ జరిగేదేనని మునిరత్నానికి అర్థమైంది.

ఢిల్లీబాబు లేని ఫోను ఎత్తి చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"ఏకాంబరం, కంట్రోల్ రూము. ఈడ ముల్లు సున్నా. నీ పక్కన ఉండే గేజీ ఎంత చూపిస్తా ఉంది?"

వెంటనే ఇంకో గొంతు వచ్చింది. "నా పక్క గేజీ ఎంతని అడగతా ఉండారు. ఇరండి సార్, చూస్తా ఉండా. సున్నా సార్. ముల్లు అడుగున పడుకొని ఉండాది."

ముక్కుతో పలికే ఆ 'సార్', మాట చివర నగరి వాళ్ల సన్నటి తమిళపు సాగతీత. చెప్పిన ఆజ్ఞను తిరిగి పలకాలన్నది అక్కడి నియమం, ఏకాంబరం దాన్ని పాట పాడినట్టు పలికేవాడు. ఢిల్లీబాబు పెదాలు కదలడం కళ్లారా చూస్తూనే, షెడ్డులో నాలుగో మనిషి ఎక్కడున్నాడా అని మునిరత్నం వెనక్కి తిరిగి చూశాడు.

"రెండూ సున్నా. పైపు మూత విప్పు."

"మూత విప్పమన్నారు. అర్థమయింది సార్. విప్పతా ఉండా."

ఆపైన ఏమీ లేదు. ఢిల్లీబాబు చెయ్యి చాలాసేపు చెవి దగ్గరే ఉండిపోయింది. తర్వాత ఫోను పెట్టేసినట్టు మెల్లగా దించాడు.

"అంతే సార్. విప్పినాడు. లోపల నిండా ఆవిరి. ఎంక్వయిరీలో నేను రెండో గేజీ అడిగినానని చెప్పినా. విన్న మనిషి లేడు, గేజీ ముక్కలైపోయింది. నిరూపణ కాలేదని రాసినారు. మళ్లా పరీక్ష రాసుకొని రమ్మన్నారు. రాయగలను. అయితే ఒక ఏడు పోయినాక నాకే అనుమానం పుట్టింది. అడిగినానా? అడిగినట్టు నా మనసు కట్టుకొనిందా? రెండు గేజీలు కలిసి ఒకే అబద్ధం ఎట్ల చెప్తాయి? ఆ అనుమానం ఉండేవాడు ఆ కుర్చీలో కూర్చోకూడదు సార్. దానికే ఈ గోడ. రోజూ ఆయప్పను పిలిచి అడగతా. రోజూ ఆయప్ప సున్నా అంటాడు."

"అంటే నీకు ఇంకా తెలియదు" అన్నాడు మునిరత్నం.

"తెలిసింది. మొన్న మార్చిలో."

ఢిల్లీబాబు షెడ్డు మూలకు నడిచాడు. అక్కడ గోడమీద పైపు బొమ్మ ఒకటి విడిగా గీసి ఉంది.

"ఏకాంబరం భార్య పంకజాక్షి వచ్చింది సార్, నగరి నుంచి. ఆయప్ప పెట్టెలో బట్టల కింద కాయితం ఒకటి దొరికిందంట. ఆయమ్మకు ఇంగ్లీషు రాదు, ఏం కాయితమో చెప్పమని తెచ్చింది. చెక్‌లిస్టు కార్బన్ కాపీ. పైది ట్రైనింగ్ ఆఫీసుకు పోతాది, కిందది 'చూసినాను' అన్నోడి దగ్గర ఉంటాది కదా. ఆగస్టు ఏడో తేదీ వేసి ఉండాది. ఇది జరిగింది పద్దెనిమిది."

"ఏ పని?"

"ఈ పైపే సార్. గేజీ కింద ఉండే చిన్న వాల్వు మూసి, ముల్లు పడేది చూసి, మళ్లా తెరవాల. తెరిచినానని నేర్చుకునేవాడి సంతకం. స్వయంగా చూసినానని ఏకాంబరం సంతకం." అతని వేలు పైపు నుంచి బయటికొచ్చిన సన్నటి గొట్టం మీద ఆగింది. "పైపులోంచి వచ్చే గొట్టం ఒకటే. దాని మీద ఈ వాల్వు. వాల్వు దాటినాక రెండు కొమ్మలు. ఒకటి పక్కనుండే గేజీకి, ఇంకొకటి మన ప్యానెల్‌కు."

ఆ పైపు మునిరత్నానికి తెలిసిన పైపే. అవసరం పడితే తప్ప వాడనిది. ముల్లు పదకొండు రోజులు సున్నా మీద పడుకున్నా ఎవరికీ అనుమానం రాని పైపు.

"వాల్వు మూసే ఉండింటే..." అన్నాడు ఆయన.

"రెండూ సున్నానే చూపిస్తాయి. లోపల ఎంత ఆవిరుండినా సరే. మూసినోడు తెరవలేదు. చూసినానన్నోడు ఆడికి పోనేలేదు." ఢిల్లీబాబు మునిరత్నం వైపు తిరిగాడు. "నేను అడిగినాను సార్. ఆయప్ప చూసినాడు. ఇద్దరం నిజమే చెప్పుకున్నాం."

మునిరత్నం మళ్లీ క్రేటు మీద కూలబడ్డాడు. నాలుగేళ్లుగా గుండెమీద ఉన్న బండ పక్కకు దొర్లినట్టయింది. తను అందించిన మాట వృథా పోలేదు. ఆ కుర్రాడు దాన్ని పట్టుకునే నిలబడ్డాడు. ఏకాంబరం చావు తన కలంలోంచి రాలేదు. హాయిగా ఊపిరి తీసుకుని, ఒక మనిషి చావు దగ్గర కూర్చుని హాయిగా ఊపిరి తీసుకున్నందుకు సిగ్గుపడ్డాడు.

"ఎవరా నేర్చుకునేవాడు?"

ఢిల్లీబాబు వేళ్లకు అంటిన సుద్ద దులుపుకున్నాడు. "వద్దులెండి సార్."

"పరీక్ష పెట్టమన్నావు. పెట్టినాక అడిగినదానికి జవాబు చెప్పాల."

"రఘునాథ్" అన్నాడు ఢిల్లీబాబు. "మీ అల్లుడు."

బయట ఏదో లారీ హారను కొడుతూనే ఉంది. మునిరత్నానికి అది దూరంగా ఎక్కడో వినబడింది. ఆయన కళ్ల ముందు వెణ్మణల్ క్యాంటీను ఉంది. ఆ జూలైలో ఒక సాయంత్రం టీ గ్లాసుతో ఎదురొచ్చిన ఏకాంబరం భుజం మీద చెయ్యి వేసి తను అన్న మాట ఉంది. 'మావాడి చెక్‌లిస్టులు కొంచెం తొందరగా చూసిపెట్టప్పా, పరీక్ష నెత్తిన పడింది.' అంతే. అంతకన్నా ఒక్క మాట ఎక్కువ అనలేదు. 'అట్లే సార్, మీరు చెప్పాల్నా' అని ఏకాంబరం నవ్వాడు. ఇంటికి పోయి ఆ రాత్రి మునిరత్నం కమ్మగా నిద్రపోయాడు. చేసిన తప్పులన్నీ ఈ నాలుగేళ్లలో ఏరి ఏరి లెక్కపెట్టుకున్నాడు గానీ, ఈ మాట ఏ లెక్కలోకీ రాలేదు.

"సోమవారం వాడికి షిఫ్టు ఇన్‌చార్జి ఇంటర్వ్యూ" అన్నాడు.

"తెలుసు సార్. మిగతావన్నీ పాసైనాడంట."

రికార్డు అబద్ధమని తేలితే ఉన్న లైసెన్సు పోతుంది, మళ్లీ ఏ పరీక్షకూ కూర్చోనివ్వరు. వెణ్మణల్ నియమాల్లో ఆ వాక్యం రాయించిందీ మునిరత్నమే. పాత చెక్‌లిస్టుల్ని ఆఫీసులో మూడేళ్లకు మించి ఉంచరు. అసలు కాగితం ఎప్పుడో బూడిదై ఉంటుంది. మిగిలింది ఆ కార్బన్ కాపీ ఒక్కటే.

"అది యాడుండాది ఇప్పుడు?"

"ఆయమ్మ దగ్గరే. నన్ను ఉంచుకొమ్మనలేదు, నేనూ అడగలేదు. మొగుడి కడసారి సంతకం అని కవర్లో పెట్టుకొని తిరగతా ఉండాది."

"ఏముందో చెప్పినావా?"

"ఎట్ల చెప్పేది సార్? నీ మొగుడు చూడకుండా సంతకం పెట్టినాడు, ఆ సంతకమే ఆయన్ను తినేసిందని చెప్పాల్నా? భద్రతా వారం వస్తే ఆయప్ప ఫోటోకు దండేస్తారు. ఆయమ్మ పోయి ముందు వరసలో కూసుంటాది. పాత డ్యూటీ కాయితంలే అమ్మా అని చెప్పి పంపించేసినా."

ఇంతసేపూ గోడకు చేరగిలబడి ఉన్న రేవతి ముందుకొచ్చింది. ఆమె మొగుడి వైపు చూసిన చూపులో కోపం ఉందో, ఇంకేముందో మునిరత్నానికి తెలియలేదు.

"మార్చి నుంచి తెలుసా నీకు? నీ తప్పు లేదని తెలిసి, నాకు ఒక్క మాట చెప్పకుండా రోజూ ఈడికొచ్చి ఆ సచ్చిపోయినాయనతో మాట్లాడతా ఉండావా? ఊళ్లో నన్ను ఏమేమంటా ఉండారో నీకు తెలుసా? మనిషిని చంపి పిచ్చోడైనాడంట అని పిల్లోళ్లు కూడా..." ఆమె మధ్యలో ఆపేసి మునిరత్నం వైపు తిరిగింది. "సార్, ఇంతసేపు పరీక్ష పెట్టినారు కదా. మా ఆయన పాసా, ఫెయిలా?"

"పాసమ్మా. ఇట్లాంటి పరీక్ష నేను నా జన్మలో చూడలేదు."

"నోటితో చెప్తే ఎవరికి కావాల? కాయితం మీద రాసియ్యండి."

"ఇప్పుడు నాకు ఆ అధికారం లేదమ్మా."

"ఆ పొద్దు ఉన్నింది కదా" అంది రేవతి.

మునిరత్నం సంచి భుజానికి తగిలించుకున్నాడు. బయటికి నడిచాడు. గుమ్మం దగ్గర ఢిల్లీబాబు గొంతు వినబడింది. "ఆయమ్మకు చెప్పేది మీ వల్ల అవతాదా సార్? నా వల్ల కాలేదు."

ఆయన హైవే ఎక్కి చిత్తూరు బస్సు పట్టుకున్నాడు.

నగరికి పోవాలంటే చిత్తూరులో బస్సు మారాలి. స్టాండులో ఎస్‌టీడీ బూతు చూసి ఆగి, కూతురికి ఫోన్ చేశాడు. ఏం చెప్పాలనో ఆయనకే తెలియదు. ఐశ్వర్య గొంతు సంబరంగా ఉంది. "నాయనా, ఈసారి గట్టెక్కుతాడంట. ఆఫీసులో అందరూ అంటా ఉండారు. నేను మెట్లెక్కి కొండకు వస్తానని మొక్కుకున్నా. సోమవారం సాయంత్రమే బయల్దేరి వచ్చేస్తా, నువ్వు ఇంట్లోనే ఉండు."

"రఘు యాడ?"

"ఏదో పనని తెల్లారకముందే పోయినాడు. ఎందుకు నాయనా, గొంతు అట్లుంది?"

"ఏం లేదు తల్లీ" అని పెట్టేశాడు.

నగరిలో దిగేసరికి ఐదున్నర దాటింది. వీధి వీధంతా మరమగ్గాల చప్పుడే. ఒక ఇంటి చప్పుడు ఇంకో ఇంటి చప్పుడులో కలిసి, మాట వినాలంటే చెవి దగ్గర నోరు పెట్టాలి. పంకజాక్షి ఇల్లు అడిగి తెలుసుకుని సందు తిరిగాడు. గుమ్మం ముందు తెల్ల మారుతి కారు నిలబడి ఉంది. మద్రాసు నంబరు. ఆయన గుర్తుపట్టాడు.

లోపల ప్లాస్టిక్ కుర్చీ అంచున రఘునాథ్ కూర్చుని ఉన్నాడు. ముట్టుకోని కాఫీ గ్లాసు నేలమీద చల్లారిపోయి ఉంది. మామగారిని చూడగానే లేచాడు.

"మామయ్యా! మీరేంటి ఇక్కడ?"

పంకజాక్షి మగ్గం ఆపి వచ్చింది. గదిలో చప్పుడు తగ్గింది. నలభై ఏళ్లుంటాయేమో ఆమెకు, నూలు పోగులు జుట్టులో తెల్లగా అంటుకుని ఉన్నాయి. మునిరత్నాన్ని గుర్తుపట్టి కొంగు సర్దుకుంది.

"రాండి సార్, రాండి. దేవుడే పంపించినట్టు వచ్చినారు. ఈ కాయితంలో ఈయబ్బ పేరుండాదని మా పక్కింటి టీచరు పాప చదివి చెప్పింది, మిగతాది ఆ పాపకూ అర్థం కాలేదు. ఈయబ్బకేమన్నా పనికొస్తాదా అని నేనే కేంద్రానికి ఫోన్ చేసినా. ఒంటిగంటకు వచ్చినాడు. అప్పట్నుంచి ఇమ్మని అడగతానే ఉండాడు. ఏముందో చదివి చెప్పి తీసుకపో అబ్బా అంటే, పాత లెక్కలక్కా, నీకర్థం కాదు అంటాడు. పద్దెనిమిదేండ్లు ఆయనతో కాపురం చేసినా సార్. వాల్వంటే ఏందో, గేజంటే ఏందో నాకు తెలియదా?"

ఆమె బీరువా తెరిచి ప్లాస్టిక్ కవరు తీసింది. దాన్ని రెండు చేతులతో మునిరత్నానికి అందించింది.

"మీరు ఆయనకు పెద్ద. మీరు చదవండి. ఆయన కడసారి దేనికి చెయ్యి పెట్టినాడో నాకు తెలియాల. ఇయ్యమని మీరంటే ఇచ్చేస్తా."

"మామయ్యా" అన్నాడు రఘునాథ్. తర్వాత గొంతు తగ్గించి, "ఐశ్వర్య..." అన్నాడు.

మునిరత్నం కళ్లద్దాలు పెట్టుకున్నాడు. కార్బన్ నీలం వెలిసిపోయింది గానీ అక్షరాలు తెలుస్తూనే ఉన్నాయి. ఈ కాగితాన్ని నాలుగు మాటలు మార్చి చదివినా ఆ ఇంట్లో కనిపెట్టేవాళ్లు ఎవరూ లేరు. ఆయన ఆ మాట తలచుకున్నాడు. తలచుకోలేదని చెప్తే అబద్ధమవుతుంది. కాగితాన్ని వెలుతురుకు పట్టి, ఉన్నదున్నట్టు తెలుగులో చదివాడు.

"'తేదీ ఆగస్టు ఏడు, తొంభై ఆరు. గేజీ కింది వాల్వు మూసి, ముల్లు సున్నాకు పడడం చూసి, వాల్వును తిరిగి తెరిచాను. సంతకం, రఘునాథ్.' కింద... 'పై పని నా ఎదుట జరిగింది. స్వయంగా చూశాను. సంతకం, ఏకాంబరం.'"

ఆమె ఏడుస్తుందనుకున్నాడు. ఆమె ఏడవలేదు. నొసలు ముడిచి ఏదో గుర్తు చేసుకుంటోంది.

"ఏ తేదీ అన్నారు సార్?"

"ఆగస్టు ఏడు."

"ఏడో తేదీ ఆయన డ్యూటీకే పోలేదే!" అంది పంకజాక్షి. గోడకున్న ఫోటో దించి, కొంగుతో తుడిచి, ఆయన ముందు పెట్టింది. పసుపు పంచె కట్టుకుని, భుజాన కావడి మోస్తూ నవ్వుతున్న ఏకాంబరం. మూలన స్టూడియోవాడు వేసిన తేదీ ఉంది. 7-8-96. "ఆ ఏడు ఆడికృత్తిక పండగ ఆ పొద్దే సార్. తెల్లారి మూడు గంటల నుంచి పొద్దు గుంకేదాకా తిరుత్తణి కొండమీద నా పక్కనే ఉన్నాడు."

ఆమె మెల్లగా రఘునాథ్ వైపు తిరిగింది.

"అయితే అబ్బా, చూసినానన్న మనిషి కొండమీదుంటే, ఆ పొద్దు ఆ వాల్వు తెరిచిందెవురు?"